పెద్దపాటలో ఆగే చోటు

మా అత్త చనిపోయాక ఊపిరి తీసుకోకుండా పాడటం నేర్చుకుంది. నేర్పినవాడు ఆవిడ కన్నకొడుకు, నన్ను కట్టుకున్నవాడు. చోడవరంలో ఇప్పుడు ఏ ఆటో ఎక్కినా, ఎవరి ఫోను మోగినా ఆ పాటే. విన్నవాళ్లందరూ అమ్మగారి గొంతు అమృతం అంటారు. నాకు మాత్రం రోత పుడుతుంది. ఆ మాట పైకి అన్నందుకు మా చర్చి సంఘంలో కొందరు ఆడవాళ్లు నాతో మాట్లాడటం మానేశారు. మానేస్తే మానేశారు, నాకు కొంత తీరిక దొరికింది.

ఇదంతా ఈ ఏడాది శ్రమకాలంలో జరిగింది. భస్మ బుధవారం మొదలు ఈస్టరు దాకా మా చర్చివాళ్లం సాయంత్రాలు ఇంటింటా ప్రార్థన కూడికలు పెట్టుకుంటాం. చెరకు ఆడే రోజులు కూడా అవే. రోడ్డు మీద చెరకు లారీలు, ఊరి చుట్టూ బెల్లం పెనాలు, గాలి నిండా మడ్డి వాసన. చిన్నప్పటి నుంచీ నాకు ఇష్టమైన వాసన అది. ఈ ఏడు మాత్రం ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని తిరిగాను.

మా ఇంట్లో ముగ్గురం. మావయ్య దేవదానం, మిషను స్కూల్లో మేష్టారుగా చేసి రిటైరయ్యాడు, మా చర్చి పాటల బృందం క్వయర్‌ని నడిపేది ఆయనే. ఆయన కొడుకు రిచర్డ్, నా భర్త, వరసకి మేనబావ. ముందుగదిలో కీబోర్డులూ కంప్యూటరూ పెట్టుకుని క్రైస్తవ పాటలకి మ్యూజిక్ కడతాడు. నేను మిరియం, చీడికాడ వైపు సబ్‌సెంటర్లో ఏఎన్ఎంని. నాలుగో మనిషి వరమ్మ, మా నాన్న అక్క. నాకు మేనత్త, అత్తగారు కూడా ఆవిడే. కిందటి వానల్లో ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది.

పెద్దపాట గురించి ముందే చెప్పేస్తాను. దానికి అసలు పేరు ఏదో ఉంది, ఎవరూ వాడరు. ఎప్పుడో జర్మనీలో ఎవరో కట్టిన నాలుగు గొంతుల పాటకి మిషను రోజుల్లో ఒక దొరసాని తెలుగు మాటలు పెట్టించిందట. శుభ శుక్రవారం ఆరాధనలో, యేసు సిలువ మీద పలికిన ఏడో మాట మీద ప్రసంగం అయ్యాక, ఏ వాయిద్యమూ లేకుండా దాన్ని పాడతాం. మాకు గీతల మీద రాసే స్వరాలు చదవడం రాదు. డో రే మీ అని అక్షరాల్లో రాసుకుని పాడటమే మిషనువాళ్లు నేర్పిన పద్ధతి. పెద్దపాట కాగితం నెత్తిన రెండే మాటలుంటాయి. ఒకటి, డో స్వరం ఏ శ్రుతిలో పట్టాలో చెప్పే 'డో ఈజ్ జీ'. రెండోది, 'మెల్లగా, దుఃఖముతో'.

మావయ్య శ్రుతి చూసుకునే రెండు కొమ్ముల ఇనపముక్క, ట్యూనింగు ఫోర్కుని మోకాలి చిప్ప మీద కొట్టి చెవి దగ్గర పెట్టుకుని, అందరికీ 'లా' స్వరం అందిస్తాడు. డో ఎక్కడుంటే ఏం, ఆ పాట లా దగ్గర లేచి లా దగ్గరే పడుకుంటుంది. ఏడుపు పాటలన్నీ అంతే. అందులో ఆడవాళ్లలో కింది గొంతు పాడే మా ఆల్టో వాళ్లకి చివర్లో ఒక స్వరం ఉంది, దాని పేరు 'సే'. సోకీ లాకీ మధ్య ఇరుకులో ఉంటుంది. దాన్ని సరిగ్గా పాడితే పచ్చి చింతకాయ కొరికినట్టు మొహం ముడుచుకుపోతుంది. మా అత్త ఈ ఇంటికి కోడలిగా వచ్చిన ఏటి నుంచీ దాన్ని పాడింది, ఒక్కసారీ తప్పలేదు. నాకు నేర్పిందీ ఆవిడే, వంటింట్లో పప్పు రుబ్బుతూ.

"ఇక్కడ నొప్పెట్టాలే. నొప్పెట్టలేదంటే సో పాడేస్తన్నావన్న మాట. మళ్లీ పాడు" అనేది.

*

ఆ సాయంత్రం కూడిక మా సంఘం సెక్రటరీ ఫెలిక్స్ గారింట్లో. ప్రార్థన అయ్యాక సేమ్యా పాయసం, దాని వెనకాల టీ. ఆ ఇంట్లో టీ అంటే పాకమే, గ్లాసు పెదాలకి అంటుకుపోతుంది. ఫెలిక్స్ గారు చేతులు తుడుచుకుని గొంతు సవరించుకున్నాడు.

"ఈ గుడ్‌ఫ్రైడే మనం లైవు పెడతన్నాం. స్క్రీను పెద్దది తెప్పిస్తన్నాం. అయితే మన క్వయరు మైకుల్లో సరిగ్గా రాట్లేదు. పోయినేడు సూసేను గదా, ఒకళ్ల గొంతు గుయ్యిమంటాది, ఇంకొకళ్లది ఇనబడదు. అందుకని పెద్దపాట ముందే రికార్డు సేసేద్దాం. ఆ రోజు అది ప్లే అవతాది. మీరు ముందర నిలబడి పెదాలు కదిపితే సాలు."

"పెదాలేటి?" అన్నాడు మావయ్య.

"ఇప్పుడంతా అలాగే మేష్టారూ. టీవీల్లో వోళ్లు నిజంగా పాడతన్నారనుకున్నారా?"

మావయ్య కొడుకు వంక చూశాడు. రిచర్డ్ అప్పటికే ముందుకి వంగి కూర్చున్నాడు. అతని మొహంలో వెలుగుంది, అబద్ధం చెప్పను.

"నాన్నా, పోయినేడు నేను రికార్డు సేసింది ఉంది గదా. అందులోంచి అమ్మ గొంతు విడిగా తీసెయ్యొచ్చు. దాని సుట్టూ పాటంతా కొత్తగా కడతాను. ఈ గుడ్‌ఫ్రైడేకి కూడా అమ్మే పాడతాది."

గదంతా ఒక్కసారి స్తోత్రం అంది. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. అంతమంది ఏడుస్తుంటే ఏ మొగుడు వద్దంటాడు? మావయ్య టీ గ్లాసు కింద పెట్టి తల ఊపాడు. నాకూ లోపల ఆశ పుట్టింది. కిందటేడు శుక్రవారం ఆవిడ నా పక్కనే నిలబడి, నా మోచెయ్యి పట్టుకుని పాడిన పాట అది. ఆ గొంతు మళ్లీ వింటానని ఆ రోజుల్లో నేను డ్యూటీలో కూడా అదే పనిగా తలుచుకున్నాను.

*

గుడ్‌ఫ్రైడేకి ముందొచ్చే మట్టల ఆదివారం మధ్యాహ్నం రిచర్డ్ మమ్మల్ని ముందుగదిలో కూర్చోబెట్టాడు. పక్కింటి అచ్చియ్యమ్మ అప్పుడే వాళ్ల పెనం మీంచి దించిన వేడి బెల్లం ఆకులో పెట్టి తెచ్చింది. వాళ్లది చెరకు వ్యవసాయం. మా చర్చి కాదు కానీ మా అత్తకి ప్రాణస్నేహితురాలు. వరమ్మ గొంతంటే నేనూ వింటానని గుమ్మం దగ్గర చతికిలపడింది.

ముందు పిట్టలు కూశాయి. తరవాత పిల్లనగ్రోవి వచ్చింది. దాని వెనకాల గంటలు, గంటల వెనకాల డప్పూ తబలా కాని ఏదో మోత, టకటకా టకటకా. ఆ మోత మీద మా అత్త ఎక్కి కూర్చుంది. రెండు మెట్లు పైకి ఎత్తేశాడేమో, పెళ్లికాని పిల్ల గొంతులా ఉంది. బస్సు అందదన్నట్టు పరుగు. మెల్లగా, దుఃఖముతో అని రాసిన పాట మేళంతో ఊరేగుతున్నట్టుంది. వేడి బెల్లం వాసన, ఆ పిల్లనగ్రోవి, రెండూ కలిసి నా గొంతులోకి వచ్చేశాయి.

మావయ్య చెయ్యి అలవాటు కొద్దీ మోకాలి మీద తాళం వేస్తోంది, ఆ వేగానికి తడబడుతోంది. రెండో చరణం అయ్యేసరికి ఆ చెయ్యి గాలిలో ఆగిపోయింది. పాట ఆగలేదు. ఆయన చెయ్యి వంక తనే చూసుకుని, దాన్ని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు.

పాట అయింది. అచ్చియ్యమ్మే ముందు నోరు విప్పింది.

"వరమ్మ సిన్నప్పుడు పాడిందేటమ్మా ఇది? పెళ్లిపాటా?"

రిచర్డ్ నవ్వేసి తండ్రి వైపు తిరిగాడు. మావయ్య తొడ కింది చెయ్యి బయటికి తీసుకున్నాడు. తరవాత, "బాగుంది బాబూ. సౌండు బాగుంది" అన్నాడు.

ఛీ అనిపించింది నాకు. ఎదురుగా ఉన్నది ఆయన కొడుకే కావచ్చు, కానీ పైగొంతు పాడే సోప్రానోల్లో ఎవరైనా అరవీసం జారితే ఆరాధన మధ్యలో కూడా కళ్లెర్రజేసే మనిషి ఆయన. అలాంటి మనిషి నోట ఆ మాట వచ్చింది. అచ్చియ్యమ్మకి ఉన్నపాటి నిజాయితీ లేకపోయింది.

అయితే అప్పటికి నన్ను వేధిస్తున్నది అది కూడా కాదు. పాట అయిపోయాక నేను గట్టిగా గాలి పీల్చుకోవలసి వచ్చింది. పాటంతా నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. ఎందుకో అప్పుడు తెలిసింది. ఆయాసంతో వచ్చిన ముసలివాళ్ల రొమ్ము లేచి పడటం చూస్తూ కూర్చోవడం నా ఉద్యోగం. ఊపిరి రాకపోతే నాకు ముందు తెలుస్తుంది. ఆ పాటలో మా అత్త మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారి కూడా ఊపిరి తీసుకోలేదు.

మావయ్య పెరట్లోకి, అచ్చియ్యమ్మ వాళ్లింటికి వెళ్లాక తలుపు దగ్గరికి వేశాను.

"బావా, చివర్న అత్త ఏటి పాడింది?"

"ఏటి పాడిందంటే?"

"సే ఏదీ?"

"అదా." మెడ గోక్కున్నాడు. "సాఫ్ట్‌వేర్లో జీ మేజర్ పెట్టేను. కాగితం మీద డో ఈజ్ జీ అనే ఉంది గదా. ఆ స్వరం స్కేల్లో లేదని ఎర్రగా సూపించింది. లాగి సో మీద కూకోబెట్టేను."

"డో జీలో ఉంటే ఏడుపు పాట కాస్తా మేజరై నవ్వుపాటైపోద్దా? మీ నాన్న 'లా' ఇచ్చి పాడించడం నీకు ఊహ తెలిసిన కాణ్నించి సూస్తన్నావు గదా!"

"మేజర్ కార్డులు ఏస్తే బ్రైట్‌గా ఉందే. ఇంకా బ్రైట్‌గా ఉంటాదని ఏ మేజర్‌లోకి ఎత్తేను. ఏడుపు ఎవలింటారు ఇప్పుడు? వేలితో తోసేసి ఇంకో వీడియోకి ఎల్లిపోతారు."

"అది గుడ్‌ఫ్రైడే పాట బావా. ఏడవడానికే గదా ఆ పాట. మరి ఊపిరేదీ?"

అతను కంప్యూటరు వైపు తిరిగిపోయాడు.

"కోసేసేను" అన్నాడు. "ఒక్కొక్కటీ పెద్దది సేసి సూసి కోసేసేను. ఆ గుర్రుమనే సప్పుడు నేను ఇనలేనే మిరియం. ఆసుపత్రిలో ఇన్నది సాలు. పాటలో కూడా ఎందుకు? ఇప్పుడు సూడు, ఎంత హాయిగా పాడతందో. అమ్మకి ఆయాసం లేదు."

అతనికీ బాధే, నాకు తెలిసింది. జాలి కూడా కలిగింది. కానీ జాలి కంటే రోత ఎక్కువైంది, ఏం చెయ్యను? తల్లి పడ్డ కష్టాన్ని చూడలేక తల్లినే కడిగి ఆరబెట్టినట్టు చేశాడు. ఆవిడ ఆ ఊపిరి కోసం ఎంత తన్నుకుందో పక్కన నిలబడ్డ నాకు తెలుసు. అంత కష్టపడి తెచ్చుకున్నదాన్ని చెత్తలా ఊడ్చి పారేశాడు.

"సరే. నీ పాట నువ్వు పెట్టుకో. పోయినేటిది నాకు పంపు, ఉన్నది ఉన్నట్టు."

అతను మౌసు అటూ ఇటూ కదిపాడు.

"నిన్నే. పంపు."

"అది లేదే" అన్నాడు చివరికి. "దాని మీదే పని సేసి సేవ్ కొట్టేసేను. కార్డులో ఉన్నది మొన్న పెళ్లి వీడియోకని సెరిపేసేను. సూసుకోలేదు."

నా నోటికి ఛీ తప్ప ఇంకో మాట రాలేదు. అది రెండు మూడుసార్లు వచ్చింది. మా అత్త నిజమైన గొంతు ఇక లోకంలో లేదన్న మాట. ఉన్నదల్లా ఆ పాకంలో ముంచిన బొమ్మ. ఆ రోజు నుంచి నా పక్క వంటింటి పక్క గదిలోకి మారింది.

*

మర్నాడే చర్చి చానెల్లో వీడియో పెట్టేశారు. ఎప్పటిదో గుర్తింపు కార్డు ఫొటో తీసుకుని మా అత్తకి బుగ్గలు నున్నగా చేసి, పెదాలకి ఎర్రరంగు వేశారు. మొహానికి పౌడరు కూడా రాసుకోని మనిషి ఆవిడ. వెనకాల సూర్యకిరణాలు, పావురాలు, తెల్లపువ్వులు. ఆ మూల పాస్టరుగారు, ఈ మూల ఫెలిక్స్ గారు, ఆవిడకి కాపలా కాస్తున్నట్టు చేతులు జోడించి నవ్వుతున్నారు. కింద కామెంట్లన్నీ వందన వచనాలే. 'అమ్మగారి వాయిస్ సూపర్', 'పరలోకంలో కూడా ఇలాగే పాడుతుంటారు', 'మా అమ్మాయి పెళ్లికి ఈ ట్యూన్ వాడుకోవచ్చా బ్రదర్'. మా సబ్‌సెంటర్‌కి వచ్చిన బాలింత ఫోనులోంచి కూడా అదే మోగింది. నేను బయటికి వెళ్లి వేపచెట్టు కింద ఉమ్మేసి వచ్చాను.

పరిశుద్ధ గురువారం నాడు చర్చిలో పెదాల ప్రాక్టీసు పెట్టారు. అంతకంటే వికారమైన సాయంత్రం నా జన్మలో లేదు. పాట మోగుతుంటే క్వయరంతా నిలబడి చప్పుడు లేకుండా నోళ్లు తెరిచి మూశాం, రైవాడ రిజర్వాయరు నీళ్లలోంచి తీసి గట్టున పడేసిన చేపల్లా. సోప్రానోల్లో పాడే ఆశ్రిత, పాస్టరుగారి అమ్మాయి, ఎదురుగా ఫోను పట్టుకుని తిరుగుతూ దిద్దుతోంది.

"నోరు పెద్దగా తెరవండి ఆంటీ, కెమెరాకి కనబడాలి. తాతగారూ, మీరు ఊరికే సెయ్యి ఊపండి. పాట దాని పని అది సూసుకుంటాది."

మావయ్య చెయ్యి ఊపాడు. పిల్లనగ్రోవి వేగానికి, ఆ టకటకా వేగానికి, చెప్పినట్టల్లా ఊపాడు. పాట మధ్యలో మాత్రం ఒకసారి ఎడమచేత్తో కుడిచెయ్యిని కిందికి లాక్కున్నాడు.

ఇంటికి నడుస్తుంటే నేను ఉండబట్టలేకపోయాను.

"మీకు సిగ్గనిపించట్లేదా మావయ్యా? ముసలితనంలో ఈ బొమ్మలాటేటి?"

చెరకు ట్రాక్టరు ఒకటి మమ్మల్ని రాసుకుంటూ పోయింది. అది దాటేదాకా ఆగి, ఆయన కల్వర్టు గట్టు మీద కూర్చున్నాడు.

"రెండో చరణం అయ్యేక మనం ఆగతాం, గేపకం ఉందా?" అన్నాడు.

"ఎందుకు లేదు? మీ సెయ్యి పైన ఆగిపోద్ది. అప్పుడు పెద్ద మౌనం. పాటంతటికీ అదే గదా అందం."

"అది కాగితంలో లేదమ్మా."

నాకు అర్థం కాలేదు. ఆయన చేతికర్రతో మట్టి గీస్తూ చెప్పాడు.

"మీ అత్తకి జబ్బు ముదిరేక మూడో చరణం ఎత్తుకోడానికి ఊపిరి అందేది కాదు. మానేస్తానంది. మానెయ్యొద్దు, నేనాగతానన్నాను. సెయ్యి పైనెట్టి ఆవిణ్నే సూసేవోణ్ని. తీసుకున్నాక దించేవోణ్ని. ఏటేటా కొంచెం ఎక్కువసేపు ఆగవలసొచ్చింది. మీరంతా అది పాటలోదే అనుకున్నారు. దొరసానుంటే ఒప్పుకోదు. తప్పే మరి."

అరవీసం జారితే ఊరుకోని ఆయన తనే తాళం తప్పించడం అంటే ఏమిటో మా క్వయర్లో ఎవరినడిగినా చెబుతారు. అంతదాకా ఆయన్ని లోపల తిట్టుకున్న తిట్లన్నీ ఆ కల్వర్టు దగ్గర మింగేశాను.

"మరి బావకి సెప్పరేం?"

"ఏటని సెప్పను? ఆడి అమ్మ కూడా గదా. ఆడికి తెలిసినట్టు ఆడు ఏడస్తన్నాడు." లేచి పంచె దులుపుకున్నాడు. "రేపు మాత్రం నా సెయ్యి ఏటి సేస్తాదో నాకే తెలీదమ్మా. మొన్నటి నుంచీ అక్కడికొచ్చేసరికి దించలేకపోతన్నాను."

*

శుక్రవారం ఎండకి చర్చి రేకులు పటపటమంటున్నాయి. తెల్లచీరలూ తెల్లచొక్కాలూ నిండిపోయాయి. బలిపీఠం పక్కన గోడంత స్క్రీను. వెనక వరసలో రిచర్డ్ చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని మిక్సరు ముందు కూర్చున్నాడు. లైవుకి మైకుల గొడవ లేకుండా పాటని కంప్యూటరు నుంచే సూటిగా కలిపాడట, క్వాలిటీ కోసం. ఏడో మాట అయింది. పాస్టరుగారు కళ్లు మూసుకున్నారు. స్క్రీను మీద మా అత్త ఎర్రపెదాలతో నవ్వింది, పిట్టలు కూశాయి.

మేం నోళ్లు తెరిచాం. నా పక్కన మా అత్త నిలబడే చోటు ఖాళీగా ఉంది. అక్కడ ఎవరినీ నిలబెట్టనివ్వలేదు మావయ్య. మొదటి చరణం పరుగెత్తింది, రెండోదీ పరుగెత్తింది. మావయ్య చెయ్యి వాటి వెనకాల పడి ఊగింది.

రెండో చరణం చివర ఆ చెయ్యి పైకి లేచి, ఆగిపోయింది.

అనుకుని చేసింది కాదు. ఏళ్ల తరబడి ఆ చెయ్యి ఆగితే ఆగడమే మాకు తెలుసు. క్వయరంతా ఒక్కసారి నోళ్లు మూసేశాం. చర్చిలో పాట మాత్రం అలాగే మోగుతోంది. ముందు వరసల్లో తలలు కదిలాయి. పక్కన నిలబడ్డ ఫెలిక్స్ గారు నోరు తెరవండని వేళ్లతో సైగలు చేస్తున్నాడు. మావయ్య ఆయన్ని చూడటం లేదు. నా పక్కనున్న ఖాళీ చోటు వంక చూస్తున్నాడు. ఆవిడకి ఎంతసేపు కావాలో అంతసేపూ ఆగాడు.

తరవాత జేబులోంచి ఫోర్కు తీసి మోకాలి మీద కొట్టాడు. చెవి దగ్గర పెట్టుకుని, ఆ గోలలోనే మాకు 'లా' అందించి, చెయ్యి దించాడు.

నేను పాడాను. ముందు నేనొక్కదాన్నే అనుకుంటాను. తరవాత మగగొంతులు కలిశాయి. ఆశ్రిత తండ్రి వంక చూసి, మా వంక చూసి, అందరికంటే ఆఖర్న కలిసింది. ఎంత భయంకరంగా ఉందో చెప్పలేను. ఒకే చర్చిలో రెండు పాటలు, రెండు శ్రుతులు, రెండు నడకలు. అది నవ్వుతూ పరుగెత్తుతోంది, మేం ఈడ్చుకుంటూ నడుస్తున్నాం. చంటిపిల్లలు ఏడుపు లంకించుకున్నారు. ఒకావిడ చెవులు మూసుకుంది. ఆ శ్రమకాలం మొత్తంలో నాకు రోత పుట్టించని చప్పుడు అదొక్కటే.

వేగంగా పాడేవాళ్లు ముందు అయిపోతారు. గంటలు గలగలలాడి రికార్డు ముగిసింది. స్క్రీను మీద చానెల్‌ని సబ్‌స్క్రైబ్ చెయ్యమని అక్షరాలు వచ్చాయి. మేం అప్పటికి మూడో చరణం సగంలో ఉన్నాం. మా గొంతులు తప్ప చర్చిలో ఇంకేం లేదు. ఎవరిదో గొంతు బొంగురుపోయింది, ఎవరో జారారు, సరిగ్గా పాడామని చెప్పను. మెల్లగా, ఆ కాగితం మీద ఉన్నట్టే నడిచాం. చివర సే వచ్చింది. నా మొహం ముడుచుకుపోవడం నాకు తెలిసింది. నొప్పెట్టింది.

*

లైవులో చూసినవాళ్లకి మా పాట వినబడలేదట. రికార్డు అయిపోయాక మేం చప్పుడు లేకుండా నోళ్లు తెరవడం మాత్రమే కనబడిందట. అంటే ఆ రోజు మేం పాడింది కూడా ఎక్కడా లేదు. దేవరాపల్లి నుంచి మా పిన్ని ఫోను చేసి, మీ చర్చిలో కరెంటు పోయిందా అని అడిగింది.

కమిటీవాళ్లు మావయ్యని ఇక విశ్రాంతి తీసుకోమన్నారు. ముసలాయనకి మతి తప్పిందని ఫెలిక్స్ గారు చెప్పుకుంటున్నాడని విన్నాను. ఈస్టరు తెల్లవారుజామున ఆ వీడియోనే మళ్లీ వేశారు. పునరుత్థానానికి ఇంకా బాగా సరిపోయిందని అందరూ మెచ్చుకున్నారు. మావయ్య ఇంట్లోనే ఉండిపోయాడు. ఫోర్కు ఇప్పుడు వంటింటి గూట్లో గరిటెల పక్కన ఉంది.

శుక్రవారం ఆరాధన అయ్యాక రిచర్డ్ వైర్లన్నీ చుట్టుకుని అందరికంటే వెనక ఇంటికి వచ్చాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"నాన్న అక్కడెందుకు ఆగిపోయేడు?"

"అత్త కోసం" అన్నాను. "ఆవిడ ఊపిరి తీసుకునేదాకా ఏటేటా ఆగేవోరంట. నువ్వు కోసింది అదే."

పొయ్యి మీద అన్నం పొంగుతుంటే అటు తిరిగాను. అతను ఎంతసేపు నిలబడ్డాడో చూడలేదు. వీడియో మాత్రం తియ్యలేదు, చానెల్ చర్చిది కదా, నా చేతిలో లేదన్నాడు. తీయించడానికి గట్టిగా అడిగాడని కూడా నేను నమ్మను. నా పక్క ఇంకా వంటింటి పక్క గదిలోనే ఉంది.

మొన్న చీడికాడ బస్సు తప్పిపోతే అతనే బండి మీద దింపుతానన్నాడు. చెరకు అయిపోయింది, గాలిలో దుమ్ము తప్ప వాసన లేదు. జంక్షన్లో లారీ అడ్డం తిరిగి అందరం ఆగిపోయాం. బండి గతుక్కుమంటే అతని భుజం పట్టుకున్నాను. మట్టల ఆదివారం తరవాత అతన్ని ముట్టుకోవడం అదే మొదలు. పక్కన ఆటోలో ఆ పాట వస్తోంది. టకటకా టకటకా, పిల్లనగ్రోవి, పెళ్లికాని పిల్ల గొంతు. డ్రైవరు స్టీరింగు మీద వేళ్లు ఆడిస్తున్నాడు.

రెండో చరణం అయింది. నా చెయ్యి కింద రిచర్డ్ భుజం పైకి లేచి, అలాగే ఆగింది. కొంచెంసేపటికి మెల్లగా దిగింది. వాళ్లమ్మ ఊపిరి తీసుకునేంతసేపు.

ఆటోలో పాట అప్పటికే మూడో చరణంలోకి వెళ్లిపోయింది. అతను వెనక్కి తిరిగి చూడలేదు. లారీ పక్కకి తప్పుకుంది, బండి కదిలింది. చెయ్యి మాత్రం తియ్యలేదు నేను.